తర్వాతి యాప్ తెచ్చే ముందు మా మాట వినండి: వైద్య ఆరోగ్య శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ, ఐటీ శాఖ పెద్దలకు,
నల్లగొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ జిల్లాల కలెక్టర్లకు,

నమస్కారం.

దేవరకొండ డివిజన్‌లోని ఒక మండల కేంద్రంలో మీ సేవ నడుపుతున్నాను. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, కరెంటు బిల్లులు, పహాణీ నకళ్ళు మా రోజువారీ పని. దానితోపాటు చుట్టుపక్కల తండాల్లో ఎవరి ఫోన్‌లో ఏ యాప్ ఎక్కించాలన్నా, ఏది తీసెయ్యాలన్నా మా దగ్గరికే వస్తారు. 2020 ఎండాకాలంలో, కరోనా వచ్చినవాళ్ళను ఎవరెవరు కలిశారో పట్టడానికి కేంద్రం తెచ్చిన ఆరోగ్య సేతు యాప్‌ను చాలామంది ఫోన్లలో ఎక్కించింది మేమే. కొన్ని నెలలకు అదే జనం వచ్చి తీసెయ్యమంటే తీసేసిందీ మేమే. ఎక్కించుకునేటప్పుడు, తీసేయించుకునేటప్పుడు వాళ్ళు నా టేబుల్ ముందు నిలబడి మాట్లాడిన మాటలు ఏ సర్వే ఫారంలోనూ పట్టవు. ఆ మాటలు మీ చెవిన వేద్దామని ఈ లేఖ.

ఇప్పుడెందుకు అంటారేమో. జబ్బు లేనప్పుడే ఈ మాట అనాలి కాబట్టి. కేరళలో 2018లో వచ్చిన నిపా వైరస్ ఆ తర్వాత మళ్ళీ మళ్ళీ వచ్చింది. రేపు మన దగ్గరికి మరేదో రావచ్చు. అది వచ్చిన వారం పది రోజుల్లో ఒక యాప్ కూడా వస్తుంది, దాంట్లో నాకు అనుమానం లేదు. హడావుడిలో యాప్ ముందొస్తుంది, నియమాలు తర్వాత రాసుకుంటారు. పోయినసారి సరిగ్గా అట్లనే అయింది.

తేదీలు ఒకసారి చూడండి. ఆరోగ్య సేతు వచ్చింది 2020 ఏప్రిల్ 2న. మే 1న కేంద్ర హోం శాఖ ఉత్తర్వు ఇచ్చింది: ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులందరి ఫోన్లలో ఉండాలి, కంటైన్‌మెంట్ జోన్లలో నూటికి నూరుమందీ వేసుకోవాలి అని. మన సమాచారం ఎవరి చేతికి పోవచ్చు, ఎన్నాళ్ళు దాచవచ్చు అని చెప్పే ప్రొటోకాల్ మాత్రం మే 11న వచ్చింది. మే 17కు వచ్చేసరికి ‘తప్పనిసరి’ కాస్తా సడలిపోయి, ఉద్యోగులతో వేయించడానికి వీలైనంత ప్రయత్నం చేయండి అన్నారు. యాప్ లోపల ఏముందో నిపుణులు చూసుకునేలా ఆండ్రాయిడ్ కోడ్ బయటపెట్టింది మే 26న. డేటా రక్షణ బిల్లు మొదటి ముసాయిదా రాసిన కమిటీకి పెద్దగా ఉన్న జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణే, చట్టం లేకుండా దీన్ని తప్పనిసరి చేయడం చెల్లదని అన్నారు. దీన్ని తయారుచేసిందెవరని ఒకాయన సమాచార హక్కు కింద అడిగితే సరైన జవాబు రాలేదు. అక్టోబరులో కేంద్ర సమాచార కమిషన్, ప్రభుత్వ కంప్యూటర్ పనులు చూసే ఎన్‌ఐసీకి షోకాజ్ నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. కోట్లమంది ఫోన్లలో ఉన్న యాప్‌ను ఎవరు చేశారో చెప్పేవాళ్ళు లేరు! మా దగ్గర బోరు వేస్తే బోరుబండి ఎవరిదో చంటిపిల్లగాడు కూడా చెబుతాడు.

ఇక మా జనం. టీవీ చర్చల్లో ‘ప్రైవసీ’ అని గంటలు గంటలు మాట్లాడారు. మా దగ్గర ఆ మాట ఎవ్వరూ అనలేదు. మొదట్లో చాలామంది అడిగింది ఒకటే: “ఇది ఎక్కిచ్చుకుంటే కరోనా రాదా, అన్నా?” రాదని నేను చెప్పలేను కదా. ఎవరి పక్కన కూర్చున్నావో ఫోన్ బ్లూటూత్‌తో గుర్తు పెట్టుకుంటుంది, వాళ్ళకు జబ్బొస్తే నీకు చెబుతుంది అనేవాణ్ణి. అప్పుడు మొదలయ్యేవి అసలు ప్రశ్నలు. “మరి నాకొస్తే ఎవలెవలికి చెప్తది?” “మా తమ్ముడు పుణె నుంచి రాత్రికి రాత్రి వచ్చిండు, ఇందుల తెలుస్తదా?” “ఎర్రగ చూపెడితే పోలీసోళ్ళు వస్తరా, ఆశమ్మ వస్తదా?” ఆశమ్మంటే ఊరి ఆశా కార్యకర్త. ఈ చివరి ప్రశ్న వేసింది ఒక హమాలీ. ఎవరొస్తారన్న దాన్నిబట్టి ఫోన్ జేబులో ఉంచుకోవాలా, ఇంట్లో పెట్టి రావాలా అని ఆయన లెక్క. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఈ రోజుకైనా ఉందా?

మా వాళ్ళు యాప్‌ను చూసి భయపడలేదు. చెప్పుకున్న తర్వాత ఏమవుతుందో అని భయపడ్డారు.

సూర్యాపేట సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఉమ్మడి నల్లగొండలో ఆ ఏప్రిల్‌లో కేసులు వరుసగా బయటపడ్డ పట్టణం. ఒక మహిళ ఇరుగుపొరుగుతో అష్టాచమ్మా ఆడటం వల్ల 31 మందికి అంటుకుందని అధికారులు చెప్పినట్టు దేశమంతా వార్త పాకింది. నేను రెండు సంగతులు అడుగుతాను. మొదటిది, ఆ గొలుసు పట్టుకున్నది యాప్ కాదు. అష్టాచమ్మా ఆడేటప్పుడు గవ్వలుంటాయి, ఫోన్లుండవు. ఇంటింటికీ తిరిగి, ఎవరింటికి ఎవరొచ్చారో ఓపికగా అడిగిన మనుషులు పట్టుకున్నారు. వాళ్ళకు దండం పెట్టాలి. రెండోది, ఆ వార్త చదివిన తర్వాత మా ఆడవాళ్ళలో ఎంతమంది నోరు విప్పుతారనుకున్నారు? జబ్బు తెచ్చుకుంది చాలదన్నట్టు ఆమె దేశం నవ్వుకునే ముచ్చటైపోయింది. నిజాయితీగా చెప్పినందుకు దొరికిన ఫలితం అది.

ఢిల్లీలో మర్కజ్ మత సమావేశానికి పోయొచ్చినవాళ్ళ పేర్లంటూ ఆ రోజుల్లో వాట్సాప్‌లో జాబితాలు తిరిగాయి. వాటిలో ఎన్ని నిజమో, ఎన్ని కల్పితమో ఎవరికీ పట్టలేదు. ఊరి పొలిమేరల్లో ముళ్ళకంపలు వేశారు. ఇంటి గోడలకు నోటీసులు అంటించారు. చట్టప్రకారం ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప అట్లా పోస్టర్లు అంటించవద్దని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 9న చెప్పింది. అప్పటికి అంటించినవన్నీ వానలకు చిరిగిపోయాయి. ఆ ఇండ్లవాళ్ళకు పడ్డ పేరు మాత్రం పోలేదు. పాలు పోయడం ఆపేసినవాళ్ళున్నారు, నల్లా దగ్గర బిందె పక్కకు జరిపినవాళ్ళున్నారు.

దీనికంటే పెద్దది కూలి సంగతి. ఫోన్ ఎర్ర రంగు చూపెడితే పద్నాలుగు రోజులు ఇంట్లో కూర్చోవాలి. సరే, కూర్చుంటారు. ఆ పద్నాలుగు రోజులు పొయ్యి మీదికి ఏం రావాలి? ఆ ఎండాకాలం మా దగ్గర మనుషులు గుంపులుగా ఉన్నది ఎక్కడ? యాసంగి వడ్లు కొనడానికి పెట్టిన ఐకేపీ కేంద్రాల దగ్గర, బత్తాయి తోటల్లో కాయ తెంపే దగ్గర. హమాలీలు అంగీలు విప్పి బస్తాల మీద పడేసి, ఫోన్లు ఆ అంగీ జేబుల్లోనే వదిలేసి పనిచేస్తారు. బ్లూటూత్ ఆ రోజు అంగీలు అంగీలను కలిసినట్టు రాసుకుని ఉంటుంది. (నవ్వులాటకు అన్నా, నిజమే అన్నాను.) మా కూలీలు రోగాన్ని దాచారని అప్పట్లో ఒక అధికారి మా ముందే కోప్పడ్డాడు. వాళ్ళు దాచింది రోగాన్ని కాదు, రేపటి కూలిని కాపాడుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం ఆహార భద్రత కార్డు ఉన్న ఇంటికి మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు ₹1,500 ఇచ్చింది. మంచి పని, కాదనను. అది లాక్‌డౌన్‌కు ఇచ్చింది. జబ్బు బయటపెట్టి ఇంట్లో కూర్చున్న మనిషికంటూ కూలి బదులు ఏమీ లేదు. బొంబాయి, పుణె నుంచి నడిచొచ్చిన పాలమూరు వలస కూలీలకైతే ఆ ₹1,500 కూడా అందరికీ అందలేదు, ఎందుకంటే కార్డు లేనివాళ్ళు చాలామంది.

ఇక్కడ ప్రభుత్వానికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. మా ప్రాంతం లెక్కలిచ్చి ఇచ్చి అలసిపోయిన ప్రాంతం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు దశాబ్దాలుగా ఫ్లోరోసిస్ సర్వేలు జరిగాయి. వచ్చినవాళ్ళు బోరు నీళ్ళు పట్టుకుపోయారు, మూత్రం పట్టుకుపోయారు, వంకర తిరిగిన కాళ్ళ ఫొటోలు తీసుకుపోయారు. మంచినీళ్ళు మాత్రం ఒక తరం నడుము వంగిపోయాక వచ్చాయి. అయినా 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అంటే, మా వాళ్ళు బొంబాయి, సూరత్‌ల నుంచి బస్సులు పట్టుకుని మరీ వచ్చి పేర్లు రాయించుకున్నారు. కొత్త రాష్ట్రం మీద అంత నమ్మకం ఉండేది. ఆ తర్వాత రేషన్ కార్డులు కంప్యూటర్ లెక్కల మీద రద్దయ్యాయి. కారులేనోడికి కారుందని, భూమి లేనోడికి భూమి ఉందని మా దగ్గరికి పట్టుకొచ్చిన కాగితాలు నేను చూశాను. రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల మీద ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ విచారణ చెయ్యమని 2022లో సుప్రీంకోర్టు రాష్ట్రానికి చెప్పాల్సి వచ్చింది. ఉపాధి హామీలో 2023 జనవరి నుంచి హాజరు యాప్ తప్పనిసరైంది, రోజుకు రెండుసార్లు ఫొటో. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే మట్టి తవ్విన చెయ్యికి కూలి లేదు. భూమి రికార్డుల పోర్టల్ ధరణి గురించి నేను రాయడం మొదలుపెడితే ఈ లేఖ ముగియదు, వదిలేస్తున్నాను. ఇన్ని చూసిన మనిషి ముందు ఇంకో యాప్ పెట్టి ‘ఇది నీ మంచికే’ అంటే ఆయన ముందు నా ముఖం చూస్తాడు, తర్వాత తలుపు వైపు చూస్తాడు.

యాప్‌లన్నీ దండగ అని నేను అనను. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2020 సెప్టెంబర్‌లో వచ్చిన యాప్‌ను జనాభాలో సుమారు 28 శాతం మంది వాడారు, ఆ మూడు నెలల్లోనే కొన్ని లక్షల కేసులు తప్పి ఉంటాయని 2021లో ‘నేచర్’ పత్రికలో పరిశోధకులు లెక్కగట్టారు. అది గూగుల్, ఆపిల్ కలిసి తెచ్చిన పద్ధతి మీద నడిచింది. నువ్వు ఎవరిని కలిశావో నీ ఫోన్‌లోనే ఉంటుంది. హెచ్చరిక నీకొక్కడికే వస్తుంది. సర్కారుకు పేరు తెలియదు, సర్పంచ్‌కు తెలియదు, పక్కింటివాడికీ తెలియదు. నేను మొదట్లో ఇది పట్నపు చదువుకున్నవాళ్ళ ముచ్చట అనుకునేవాణ్ణి. ఆలోచిస్తే ఇది పట్నం కంటే మా ఊళ్ళకే ఎక్కువ అవసరం. ఇక్కడ ఆశమ్మకు చెబితే వాడంతా తెలుస్తుందని దాచినవాళ్ళు ఉన్నారు. ఆశా కార్యకర్త కూడా ఆ ఊరి మనిషే, ఆమెకూ కులం ఉంటుంది, చుట్టరికం ఉంటుంది, వైరం ఉంటుంది. అట్లాంటి చోట మూడో కంటికి తెలియకుండా హెచ్చరించేది ఏదైనా పనికొస్తుంది. ఆరోగ్య సేతులో చేసింది దీనికి తలకిందులు. పేరు, వయసు, పని, ప్రయాణాలు ముందే అడిగి సర్వర్‌లో పెట్టుకున్నారు, బ్లూటూత్‌తోపాటు ఎక్కడున్నాడో జీపీఎస్ కూడా తీసుకున్నారు, జబ్బని తేలితే ఎవరిని కలిశాడో, ఎక్కడ తిరిగాడో అదీ సర్వర్‌కు పోయింది.

ఇంకో చిన్న లెక్క. ఈ యాప్ పనిచెయ్యాలంటే కలిసిన ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. పదిమందిలో ముగ్గురి దగ్గరే ఉంటే, ఏ ఇద్దరు కలిసినా ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం వందకు తొమ్మిదే. మా తండాల్లో ఇంటికొక స్మార్ట్‌ఫోన్, అది పొద్దున కొడుకు దగ్గర, సాయంత్రం మనవరాలి ఆన్‌లైన్ క్లాసులో. అమ్రాబాద్ మీది చెంచుల పెంటల్లో (గూడేల్లో) సిగ్నలే లేదు. బటన్ ఫోన్లవాళ్ళ కోసం 1921కి మిస్డ్ కాల్ ఇచ్చే సౌకర్యం పెట్టారు, అది లక్షణాలు అడిగేది కానీ పక్కన ఎవరు కూర్చున్నారో దానికెట్లా తెలుస్తుంది?

బయటి దేశాల నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. సింగపూర్ తన యాప్ సమాచారం కాంటాక్టులను, అంటే రోగిని కలిసినవాళ్ళను, వెతకడానికే అని మాటిచ్చింది. 2021 జనవరిలో, పోలీసులు కూడా తీసుకోవచ్చని పార్లమెంటులోనే ఒప్పుకుంది, అప్పటికే ఒక హత్య కేసులో తీసుకున్నారు కూడా. జనం మండిపడ్డాక ఏడు రకాల తీవ్ర నేరాలకే పరిమితం చేస్తూ చట్టం తెచ్చారు. నార్వేలో వాళ్ళ డేటా రక్షణ సంస్థ తప్పుపట్టగానే 2020 జూన్‌లో యాప్ ఆపేసి, సేకరించింది చెరిపేశారు. ఆస్ట్రేలియాది 2.1 కోట్ల డాలర్లకు పైగా తిని, మనుషులు పట్టుకోలేకపోయిన కాంటాక్టులను 17 మందినే పట్టింది, 2022లో మూసేశారు. అయినా ఆస్ట్రేలియా నుంచి ఒకటి తీసుకోవాలి. ఆ యాప్ వేసుకొమ్మని ఎవరినైనా బలవంతం చేస్తే అయిదేళ్ళ దాకా జైలు అని అక్కడ 2020 మేలోనే చట్టం చేశారు. అదే నెలలో మన నోయిడాలో యాప్ లేకపోతే కేసు పెడతామన్నారు పోలీసులు.

కేంద్రం 2023లో డేటా రక్షణ చట్టం చేసింది కదా అంటారు. చదివాను. అంటువ్యాధి వచ్చినప్పుడు వైద్యసేవల పేరున అనుమతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చని అందులోనే 7వ సెక్షన్ ఉంది. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే దారి 17వ సెక్షన్‌లో ఉంది. అంటే మాకు గొడుగు అవసరమైన రోజునే అది ముడుచుకుంటుంది. 2017 పుట్టస్వామి తీర్పులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, అవసరానికి మించి ఉండకూడదు. మన చేతిలో ఉన్నదేమో ప్లేగు కాలపు 1897 అంటువ్యాధుల చట్టం.

కాబట్టి రాష్ట్రం చెయ్యగలిగినవి అడుగుతున్నాను. ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలోదే కదా.

జబ్బు లేని ఈ రోజుల్లోనే శాసనసభలో ఒక చిన్న చట్టం తెండి. అందులో యాప్ లేదన్న కారణంతో రేషన్, పింఛన్, ఉపాధి పని, బస్సు, దవాఖాన ఏదీ ఆపరాదని రాయండి. కర్ణాటక హైకోర్టు 2020 అక్టోబర్‌లో ఆరోగ్య సేతు విషయంలో దాదాపు ఇదే మాట చెప్పింది, మనం కోర్టు చెప్పేదాకా ఆగక్కర్లేదు. పోలీసులకు, రెవెన్యూకు, రేషన్ కార్డుల లెక్కలకు ఆ సమాచారం పోకుండా అడ్డు కట్టండి. ఏ తేదీకి చెరిపేస్తారో ముందే చెప్పి, చెరిపిన రోజు పత్రికల్లో ప్రకటించండి. ఆరోగ్య సేతు సమాచారం చెరిపేశామని కేంద్రం పార్లమెంటుకు చెప్పిందట. మా ఊళ్ళో ఆ సంగతి తెలిసినవాడు నాకు కనిపించలేదు.

రోగుల పేర్లు వాట్సాప్‌కు ఎక్కించిన ఉద్యోగి మీద, ప్రజాప్రతినిధి మీద శిక్ష ఉండాలి. సామాన్యుడి మీద కాదు, లిస్టు మొదట చేతిలో ఉన్నవాడి మీద.

ఇంట్లో ఉండమన్న ప్రతి మనిషికీ ఆ రోజుల కూలి, కనీసం ఉపాధి హామీ రేటున, వారం తిరక్కముందే ఇవ్వండి. ఇదొక్కటి చేస్తే యాప్ లేకపోయినా సగం మంది వాళ్ళంతట వాళ్ళే వచ్చి చెబుతారు. ఇది నా అంచనానే, కానీ నా టేబుల్ ముందు విన్న మాటల మీద కట్టిన అంచనా.

ఆశా కార్యకర్తల సంగతి. 2021 మేలో ఇంటింటి జ్వర సర్వే చేసి, మందుల కిట్లు ఇచ్చి, రెండో వేవ్‌లో ఊళ్ళను నిలబెట్టింది వాళ్ళు. 2023లో ₹18,000 స్థిర వేతనం కావాలని రోడ్డెక్కాల్సిన గతి వాళ్ళకు పట్టింది. యాప్‌కు పెట్టే డబ్బులో కొంత వాళ్ళకు పెట్టండి. రోగి పేరు గోప్యంగా ఉంచడం ఎట్లాగో వాళ్ళకు శిక్షణ ఇవ్వండి. ఒక ఊరి ఆశను ఆ ఊళ్ళో కాకుండా పక్క ఊళ్ళో కాంటాక్టులు అడగడానికి పంపితే, మొహమాటం తగ్గి నిజాలు ఎక్కువ బయటికొస్తాయని ఒక ఏఎన్‌ఎం (ఊళ్ళు తిరిగే నర్సు) నాతో అన్నది. ఆలోచించదగ్గ మాట.

ఇవన్నీ హైదరాబాద్‌లో కూర్చుని తేల్చకండి. ముసాయిదాను తెలుగులో, మా వాళ్ళకు అర్థమయ్యే తెలుగులో రాసి, దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వంటి చోట్ల గ్రామసభల్లో చదివి వినిపించండి. తండాల్లో లంబాడీలో చెప్పేవాళ్ళను తీసుకురండి. వడ్ల కోతలప్పుడు మాత్రం పెట్టకండి, ఎవరూ రారు.

జవాబు ఇవ్వదలిస్తే పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డుకు అంటించండి. చదువు రానివాళ్ళకు నేను చదివి వినిపిస్తాను, దానికి రుసుము తీసుకోను.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు ఒక మీ సేవ నిర్వాహకుడు